నూకరత్నం తీసిన తలల్లేని ఫోటోలు

ఒకటో రోజు

పాత కార్డు తెరిచే ప్రతివారూ నలభై రోజులపాటు రోజువారీ పుస్తకం రాసి, ఆఖరున కార్డుతో సహా దస్త్రశాలకు అప్పజెప్పాలట. "చూసినది మాత్రమే రాయవలెను, అభిప్రాయాలు రాయరాదు" అని కాగితం కింద అచ్చువేసి మరీ పంపారు. అభిప్రాయం చెప్పకుండా నాకు అన్నం కూడా సహించదు. చదివేవాళ్లే సర్దుకోవాలి.

నా పేరు చింతకింది మాణిక్యం. ఎగువపేట కాలనీలో జాంధానీ చీరల మీది బొమ్మలకు గ్రాఫులు గీస్తాను. మా వదిన భూలక్ష్మితో కలిసి నేస్తాను కూడా. ఈ నేతకు ఒక మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. అందుకని మా ఇద్దరి మధ్యా ఏ సంగతీ పూట కన్నా ఎక్కువసేపు దాగదు.

కార్డు ఇవాళ వచ్చింది, పాతకాలం ఫోన్లలో ఫోటోలు దాచుకునేది. గోరంత ఉంది. సముద్రం మింగేసిన మా పాత ఊరు దిగువపేట బురదలోంచి, నీళ్లు వెనక్కి తగ్గిన వేళ తవ్వేవాళ్లు తీశారు. మూత బిగించిన గాజు సీసాలో నాలుగు ఖాళీ కండెలతో పాటు దొరికిందట. అది పంపన నూకరత్నం అనే ఆవిడ ఇంటి స్థలం. అక్కడ వెతకమని అర్జీ పెట్టింది నేనే. ఎందుకో రేపు రాస్తాను. ఎండ సైరన్ మోగుతోంది, చలవగదిలోకి దిగాలి.

రెండో రోజు

ఎందుకంటే, సత్యలింగం బాబాయి కోసం.

దొంతుల సత్యలింగం మాకు వరసకు బాబాయి. డెబ్బయ్యారేళ్లు. యాభై ఏళ్లు నేసిన మనిషి, ఇప్పుడు మాకు కండెలకు దారం చుట్టిపెడుతున్నాడు. ఆయన చూపు పోతోంది. కంటి నరం ఎండిపోతోందని, వానలు వెళ్లేసరికి ఏమీ కనబడదని డాక్టరమ్మ చెప్పేసింది. అది విన్న మర్నాడే మగ్గం దగ్గరకొచ్చి గోడకు చేరగిలబడ్డాడు.

"అమ్మాయ్, మా అమ్మ మొకం గుడ్డలో నేసిపెట్టవే. బొమ్మ కొంచెం పైకి ఉబ్బేలాగ. కళ్లు పోయాక వేళ్లతో తడుంకుంటాను."

ఆయన తల్లి అచ్చియ్యమ్మ ఆయన నాలుగో ఏటే పోయింది. ఆమెది ఒకే ఒక్క ఫోటో ఉంది, ఆయన ఇంట్లో గోడ మీద. కాలనీలో అందరి గోడల మీదా ఉన్నట్టే అదీ సవరణి యంత్రం బాగుచేసిన ఫోటో. మహా సవరణ జరిగిన ఏడాది, ఫోన్లలోంచి పై నిల్వకు చేరిన ప్రతి ఫోటోనీ ఆ యంత్రం గుండా పంపారు. అది మూసుకున్న కళ్లు తెరిపించింది, మసక తుడిచింది, వెనకాల చెత్తకుండీ తీసేసి పూలకుండీ పెట్టింది. చోటు చాలదని అసలు ఫోటోలు చెరిపేశారు. నేను పుట్టేనాటికి లోకంలో బాగాలేని ఫోటో అన్నదే లేదు.

గ్రాఫు గీయాలంటే మాత్రం వెలుగుకీ నీడకీ తేడా ఉండాలి. సవరణి బొమ్మలో ముఖమంతా ఒకటే వెలుగు. నాలుగుసార్లు గీశాను, నాలుగుసార్లూ అప్పడంలా వచ్చింది. అసలు ఫోటో దొరికితే తప్ప లాభం లేదనిపించింది. గోడ మీది ఫోటో కింద చిన్న అక్షరాలతో "తీసినవారు: పంపన నూకరత్నం" అని ఉంది. మా దిగువపేట ఫోటోలన్నిటి కిందా అదే పేరు ఉంటుంది. సముద్రం ఊళ్లోకి వచ్చిన రోజు అందరి ఫోన్లూ పోయినా, ఆమె తీసినవి అంతకుముందే పై నిల్వకు చేరి బతికిపోయాయి. ఊరి పాత పటంలో ఆమె ఇల్లెక్కడో దొరికింది గానీ, ఆమె ఎవరో, ఎందుకు తీసిందో మాలో ఎవరికీ తెలియదు.

మూడో రోజు

పొద్దున్నే నూలుకు గంజి పెట్టి ఆరేసి, చేతులు తుడుచుకుని చదువుపెట్టె ముందు కూర్చున్నాం. కార్డు పెట్టాక అది వేడెక్కడానికే గంట పట్టింది. మొదటి ఫోటో వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ ప్లాస్టిక్ కుర్చీ పక్కన నిలబడి ఉంది. మెడ దాకా ఉంది. అక్కడితో ఫోటో అయిపోయింది.

"అదేంటే, తలేదీ?" అంది వదిన.

"పైన ఉండుంటది. ఫోటోలో పడలేదు."

"పడకపోడమేంటే! తల ఎక్కడికెళ్తది?"

తప్పుగా తీసిన ఫోటోను మేమిద్దరం చూడటం పుట్టాక ఇదే మొదలు. రెండోది తెరిచాం. ఎర్రచీర, తల లేదు. మూడోదాన్లో ఇద్దరున్నారు, రెండు తలలూ లేవు. పదో ఫోటోకి వదిన మగ్గం పలక పట్టుకుని నవ్వుతోంది, నాకు కడుపు చెక్కలయ్యేలా ఉంది.

నవ్వు ఆగాక ఒక్కొక్కదాన్నీ మళ్లీ మెల్లగా చూశాను. ఎంగిలి విస్తళ్లు, ఎవరిదో చెప్పు, మూలన సగం కుక్క, చీర పక్కన కదిలిపోయి పొగలా పరుచుకున్న ఎవరి చెయ్యో. ఇలాంటివి ఫోటోల్లో ఉంటాయని నాకు తెలియదు. ఆ చేతిని ఎంతసేపు చూశానో, గంజి పెట్టిన నూలు తిరగెయ్యడం మరిచిపోయి రెండు చిలపలు పాడుచేశాను.

ఐదో రోజు

ఆరొందల ఫోటోలు చూడటం అయింది. ఒక్క తలా లేదు. ఎవరో కూర్చుంటే పొరపాటున గెడ్డం పడింది, అదీ మగవాడిది.

వదిన అంటుంది, నూకరత్నం పొట్టిది అయి ఉంటుందని. పొట్టిదైతే ఫోన్ పైకెత్తదా? దిష్టి తగులుతుందని ముఖాలు తియ్యలేదేమో అన్నాను నేను. అయితే పసిపిల్లలనైనా వదిలెయ్యాలి కదా, ఉయ్యాల్లో పిల్లని కూడా నడుం నుంచి కిందకే తీసింది. తాగి తీసిందేమో అన్నాడు మా అన్నయ్య. కానీ గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి ఫోటోలు. తాగినవాళ్లు అంత తిన్నగా తియ్యలేరు.

దస్త్రశాలవారికి గమనిక: ఇది అభిప్రాయం కాదు, మా అన్నయ్యని చూసి చెబుతున్నది.

ఏడో రోజు

బాబాయి కండెలు చుట్టడానికి వచ్చాడు. దారాన్ని కళ్లతో చూడకుండా వేళ్లతోనే నడుపుతున్నాడు.

"దొరికిందేంటమ్మా?"

"ఇంకా సగం కూడా చూడలేదు బాబాయ్. చాలా ఉన్నాయి."

"మరేం కంగారు లేదు. నిదానంగానే చూడు." అని ఇంకో కండె అందుకున్నాడు. "ఎడమకన్ను నిన్నటినుంచి మరీ అలికేసినట్టుంది. పొద్దున్నే ఫోటో దగ్గరకెళ్లి నిలబడతన్నాను. మొకం గట్టిగా బుర్రకెక్కించేసుకుందారని. ఎంత చూసినా ఎక్కట్లేదమ్మాయ్."

తలల్లేవన్న సంగతి చెప్పకుండా దాటేశాను. వేరే మాట ఎత్తాను.

తొమ్మిదో రోజు

మజ్జిగ తోడు వంకతో ఇవాళ ఏడిళ్లు తిరిగాను. ఎవరింటికి వెళ్లినా గోడ మీద పెద్దవాళ్ల ఫోటోల దగ్గరే నిలబడ్డాను. మూడో ఇంట్లో అనుమానం వచ్చింది, ఐదో ఇంట్లో గట్టిపడింది, ఏడో ఇంట్లో కుర్చీ అడిగి కూర్చున్నాను.

కాలనీలో అందరి ముత్తవ్వలదీ ఒకటే ముక్కు. సన్నగా, చివర చిన్న నొక్కుతో, చూడముచ్చటగా ఉంటుంది. ఇన్నేళ్లూ అది మా దిగువపేట ముక్కని చెప్పుకుంటున్నాం. బతికున్నవాళ్లలో ఒక్కరికైనా ఆ ముక్కు ఉందేమోనని ఎవరూ చూసుకోలేదు.

ఇంటికొచ్చి కార్డులో ఫోటోలతో పోల్చాను. ఏడో ఇంటి ముత్తవ్వది అదే చీర, అవే గాజులు, అదే ప్లాస్టిక్ కుర్చీ. కార్డులో తల లేదు, గోడ మీద ఉంది. ఆరో ఇంటిదీ అంతే. సవరణి దృష్టిలో తల లేకపోవడం ఒక లోపం, ఆ లోపాన్ని అది సరిచేసింది. అరవై ఏళ్లుగా మేము దణ్ణం పెట్టుకుంటున్న ముఖాలు యంత్రం కల్పించినవి.

పదో రోజు

వదినకు చెప్పాను. ముందు నమ్మలేదు, తర్వాత కోపం వచ్చింది.

"మా అమ్మమ్మ ముక్కు జోలికొస్తే ఊరుకోను చెప్తన్నాను."

"మీ అమ్మమ్మది కాదే అంటున్నాను!"

మధ్యాహ్నం దాకా మగ్గం మీద పేక దారం వేస్తున్నంతసేపూ నాతో మాట్లాడలేదు. ఒకే పలక మీద కూర్చుని మాట్లాడకుండా ఉండటం ఎంత కష్టమో నేసేవాళ్లకే తెలుస్తుంది. సైరన్ మోగాక చలవగది మెట్ల మీద ఆగి, "సత్తిలింగం మావకి చెప్తావా?" అని అడిగింది. ఏమోనన్నాను. అచ్చియ్యమ్మ ఫోటో ఇంకా దొరకలేదు. ఆ ఒక్కదాంట్లోనైనా తల ఉండకూడదా అని ఆశ.

పదిహేనో రోజు

ఇవాళ్టి దాకా ఫోటోలకు అంకెలే కనబడుతున్నాయి. నూకరత్నం ప్రతి ఫోటో కిందా ఏదో రాసుకుందని, ఆ రాత తెరుచుకునే తాళంచెవి పంపుతున్నామని దస్త్రశాల నుంచి కబురొచ్చింది. తెరిచాను. మొదటి ఫోటో కింద ఇలా ఉంది:

"గుత్తుల మంగ. చిలకపచ్చ. కొబ్బరాకు అంచు, కొమ్మకి ఏడాకులు. ఎనిమిది అనుకున్నాను."

రెండోది: "మల్లిపూడి వారి కోడలు. అంచు మనది కాదు, ఎక్కడిదో కనుక్కోవాలి."

మూడోది: "ఇద్దరూ ఒకేలాంటివి కట్టారు. ఎడమదాంట్లో నెమలి కాలు తప్పుంది."

నేను ఒక్క అరుపు అరిచాను, వదిన గంజి గిన్నె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. నూకరత్నం పొట్టిదీ కాదు, తాగిందీ కాదు. ఆవిడ నాలాగే గ్రాఫులు గీసే మనిషి. పెళ్లిళ్లకి వెళ్లి, నచ్చిన అంచునల్లా ఫోటో తీసుకుంది, ఇంటికొచ్చి చూసి గీసుకోవడానికి. అంచు కొసాకు దాకా పదునుగా పడింది. మనిషి అడ్డం రాకుండా ఉంటే ఆవిడకి ఇంకా బాగుండేది.

ఇందులో నవ్వడానికి నాకు మొహం లేదు. మా మేనకోడలి పెళ్లికి వెళ్లొచ్చాను కదా, పెళ్లికొడుకు ఎలా ఉన్నాడని అడిగితే చెప్పలేను. వాళ్లమ్మ కొంగు మీద ఎన్ని హంసలున్నాయో చెప్పమంటే ఇప్పుడే చెబుతాను. మా వాళ్లందరికీ ఉన్న జబ్బే ఇది.

పదహారో రోజు

ఊరికే చూసి వదిలెయ్యబుద్ధి కాలేదు. మగ్గం మీద మిగిలిన పడుగు ఉంటే, మొదటి ఫోటోని ఉన్నదున్నట్టు నేద్దామని వదినతో అన్నాను. తల లేకుండానే, కుర్చీ, సగం కుక్క, ఎంగిలి విస్తరితో సహా.

చీర తేలిగ్గానే వచ్చింది. కదిలిపోయిన చెయ్యి దగ్గర చిక్కొచ్చింది. మసకని ఎలా నేస్తారు? మాకు నేర్పినవాళ్లెవరూ మసకని చూడలేదు. రెండు పోగుల చోట ఒక పోగు వేశాం, తర్వాత ఒకటి విడిచి ఒకటి, చివరకి నాలుగింటికి ఒకటి. దూరం నుంచి చూస్తే గుడ్డలో నిజంగానే చెయ్యి ఊగుతున్నట్టుంది. వదిన లేచి నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూసి, "వడ్డిస్తందే ఆవిడ!" అంది. అప్పుడు నాకూ తెలిసింది, ఆ చేతిలో గరిటె ఉంది.

మా కోపాలు అంతటితో చల్లారాయి. మధ్యాహ్నం సైరన్ మోగినా ఇద్దరం ఇంకో రెండు వరసలు వేసే లేచాం.

పద్దెనిమిదో రోజు

అచ్చియ్యమ్మ దొరికింది.

తల లేదు. మెడ కూడా లేదు. భుజాల నుంచి మొదలైంది. వంగపండు రంగు చీర, చేతిలో అక్షింతల పళ్లెం. అంచు మీద వరసగా ఆకులు. గోడ మీది ఫోటోలో లేనిది ఇందులో ఒకటుంది. కింద ఎడమ మూల నుంచి ఒక పసివాడి చెయ్యి వచ్చి, కుచ్చెళ్లని అంచుతో సహా పిడికిట్లో బిగించి పట్టుకుని ఉంది. మోచెయ్యి దాకానే కనబడుతోంది. పిల్లాడు ఫోటోకి బయటే ఉన్నాడు. పిడికిలి ఎంత బిగించాడంటే వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి.

కింద నూకరత్నం రాత: "దొంతుల అచ్చియ్యమ్మ. వంగపండు. అంచు సరిగా పడలేదు, పిల్లాడు వదల్లేదు. మళ్లీ తియ్యాలి."

వెంటనే తరవాతివన్నీ వెతికాను. మళ్లీ తియ్యలేదు. కార్డులో అచ్చియ్యమ్మ ఇంకెక్కడా లేదు. ఆవిడకు ఒక్కడే కొడుకు. నాకు ఏడుపొచ్చింది, అది కూడా రాసేస్తున్నాను.

ఇరవయ్యో రోజు

చేతిలో పట్టుకునే తెరపలక మీద సవరణిని అడిగాను. అడిగితే జవాబు చెబుతుందని నాకు ఇన్నాళ్లూ తట్టనే లేదు.

"దొంతుల అచ్చియ్యమ్మ ఫోటోలో ముఖం ఎక్కడిది?"

"ఆ కాలంలో, ఆ తీరంలో, ఆ వయసు స్త్రీల ముఖాల సగటు. పోలిక అడిగితే నిర్ధారించలేము."

"మరి కింద పిల్లాడి చెయ్యి ఎందుకు తీసేశావు?"

"అది చిత్రంలోని వ్యక్తికి చెందినది కాదు."

చెందినది కాదట. తెరపలకని బోర్లించి పెట్టి వెళ్లి నీళ్ల వంతుకి వరసలో నిలబడ్డాను. బిందె నిండాక కూడా కోపం తగ్గలేదు.

ఇరవై రెండో రోజు

వదినది ఒకటే మాట. "చెప్పకే. గోడ మీదున్న మొకమే నేసి చేతిలో పెట్టు. చూపు పోయే మనిషికి ఇప్పుడిదంతా చెప్పి ఏం బావుకుంటావు? ఆయన వేళ్లకేం తెలుస్తది?"

నాకూ అదే బాగుందనిపించింది, ఈ పుస్తకంలో ఎందుకు దాచడం. సవరణి ముఖాన్నే లావు దారంతో నేశాం. రెండు రోజులు పట్టింది. పూర్తయ్యాక కళ్లు మూసుకుని తడిమాను. చెంప ఎక్కడో, నుదురు ఎక్కడో తెలియలేదు. ఎవరి ముఖమూ కాని ముఖం. వదినా కళ్లు మూసుకుని తడిమింది. తడుముతూ తడుముతూ వాళ్ల అమ్మమ్మ గుర్తొచ్చిందేమో, కొంగుతో ముక్కు తుడుచుకుంది. సాయంత్రానికి ఇద్దరం కూర్చుని పోగు పోగు విప్పేశాం.

కార్డు అప్పజెప్పగానే దస్త్రశాల దాన్ని మళ్లీ సవరణికి ఇస్తుంది. తలలొస్తాయి, ఆ పిడికిలి పోతుంది. గుడ్డ జోలికి మాత్రం సవరణి రాదు, నేత చదవడం దానికి చేతకాదు.

ఇరవై నాలుగో రోజు

చెప్పేశాను.

బాబాయి కండె చుడుతున్నాడు. గోడ మీది ముఖం అసలు ఫోటోలో లేదని, నూకరత్నం తలలు తియ్యలేదని, ఆ ముఖం యంత్రం పెట్టిందని వరసగా చెప్పాను. ఆయన చెయ్యి ఆగిపోయింది.

"అచ్చంగా మా అమ్మది కాదా?"

"కాదు బాబాయ్."

"ఏ కాస్తా కాదా? కళ్లో, నోరో?"

"ఏదీ కాదు."

పిడికిలి సంగతి చెప్పబోయేలోపే లేచాడు. కండె ఒళ్లోంచి జారి దొర్లుకుంటూ వెళ్లింది. గుమ్మం మెట్టు అందక తూలితే వదిన పట్టుకోబోయింది, చెయ్యి విదిలించుకుని వెళ్లిపోయాడు. వదిన నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

ఇరవై ఏడో రోజు

ఆయన రావడం లేదు. ఇంటికి వెళ్తే తలుపు తియ్యలేదు, లోపల దగ్గు వినబడింది.

సంగతి కాలనీ అంతా పాకింది. నీళ్ల వరసలో ఇద్దరు నన్ను చూసి ముఖం తిప్పుకున్నారు. ఒకాయన మా గుమ్మంలోకి వచ్చి, "మా తాతకి తల లేదంటావా?" అని నిలదీశాడు. ఉందండీ, ఉండే ఉంటుంది, ఫోటోలో లేదంటున్నానంతే అన్నాను. ఆయనకి ఆ తేడా నచ్చలేదు. రెండిళ్లలో ఫోటోలు దించేశారట. వదిన వాళ్ల అమ్మమ్మ ఫోటో దించి, రోజంతా ఒళ్లో పెట్టుకుని, సాయంత్రం మళ్లీ తగిలించేసింది. "ముక్కు ఎవరిదైతేనేం, ఇన్నేళ్లు దణ్ణం పెట్టించుకుంది" అంది.

ఉండబట్టక, అచ్చియ్యమ్మ ఫోటోకి గ్రాఫు గీశాను. భుజాల నుంచి పాదాల దాకా, పళ్లెం, అంచు, పిడికిలి. ఇష్టముంటే తీసుకుంటాడు, లేకపోతే లేదు. వదిన వచ్చి పక్కన కూర్చుని వంగపండు రంగు దారం అందుకుంది.

ముప్పై ఒకటో రోజు

పిడికిలి దగ్గరే నాలుగు రోజులు పట్టింది. ఆకులకి రెండు పోగులు, పిడికిలికి ఐదు. కణుపులు తెలియాలంటే దారం బిగువు మారుస్తూ ఉండాలి. వదిన ఒకసారి తన చిన్నదాన్ని పిలిచి చెయ్యి పట్టుకుని చూసింది, వేళ్లు ఎలా మడుస్తారోనని. వానలు మొదలయ్యాయి. గాలిలో తేమ ఉండటంతో పోగులు తెగడం లేదు.

ముప్పై నాలుగో రోజు

గుడ్డ తీసుకుని పొద్దున్నే వెళ్లాను. ఈసారి తలుపు తీసే ఉంది. బాబాయి మంచం మీద కూర్చుని ఉన్నాడు. గోడ మీద ఫోటో లేదు. నన్ను అడుగుల చప్పుడుతో పోల్చాడు, కళ్లతో కాదు.

"మాణిక్యమా? రా అమ్మాయ్. నీ మీద కోపమేం లేదు."

"మరి రాలేదేం బాబాయ్? కోపమే అనుకున్నాను."

"సిగ్గేసి." ముఖం పక్కకి తిప్పుకున్నాడు. "నీకు చెప్తే ఏమనుకుంటావో. ఆ ఫోటో వచ్చేనాటికి నాకు పదారేళ్లు. అందరూ మా అమ్మ, మా తాత అనుకుంటా ఏడిశారు. నేనూ ఏడిశాను. కానీ మొకం చూత్తే ఎవరో పరాయి ఆడమనిషిలాగుంది. అప్పట్నుంచీ రోజూ దణ్ణం పెట్టడం, పెట్టినప్పుడల్లా లోపల్నుంచి ఈవిడెవర్రా అని అనిపించడం. కన్నతల్లిని పోల్చుకోలేని ఎదవనని నన్ను నేనే తిట్టుకునేవోణ్ని. ఎవరికీ చెప్పలేదు. మీ పిన్నికి కూడా చెప్పలేదు. కళ్లు పోయేలోపు ఒక్కసారన్నా పోల్చుకుందారని..."

నేను మంచం పక్కన కింద కూర్చున్నాను.

"నువ్వు ఆ ముక్క చెప్పేసరికి బాధ వెయ్యలేదమ్మాయ్. సంతోసం వేసింది. తల్లి ఫోటో లేదంటే సంతోసపడే కొడుకుంటాడా? అందుకే సిగ్గేసింది." నవ్వుతున్నాడు. "నేనేం మర్చిపోలేదన్నమాట. గుర్తుపట్టడానికి అక్కడామె లేదు, అంతే."

గుడ్డ ఆయన ఒళ్లో పరిచాను. ముఖం ఉండదు బాబాయ్, భుజాల నుంచే అన్నాను. తల ఊపాడు. వేళ్లు భుజం మీద మొదలై, పళ్లెం అంచు చుట్టూ తిరిగి, కుచ్చెళ్ల మీదుగా కిందకి దిగాయి. అంచు దొరకగానే నేతగాడి చెయ్యి అయిపోయింది. ఆకు ఆకుకీ ఆగుతూ, పెదాలతో లెక్కపెడుతూ వెళ్లాడు. పిడికిలి దగ్గర ఆగిపోయాడు.

"ఇక్కడ అంచు తప్పిందే."

"తప్పలేదు. ఫోటోలో అలాగే ఉంది. నూకరత్నం కింద రాసుకుంది, చదవనా?"

"చదువు."

"దొంతుల అచ్చియ్యమ్మ. వంగపండు. అంచు సరిగా పడలేదు, పిల్లాడు వదల్లేదు."

ఆయన వేళ్లు ఆ ఉబ్బు మీద మెల్లగా కదిలాయి. ఒక కణుపు, రెండో కణుపు, మడిచిన బొటనవేలు. కాసేపటికి తన పిడికిలి ముడిచి దాని మీద పెట్టుకున్నాడు. ఈ చెయ్యి ఎవరిదని అడగలేదు. బయట వాన పడుతోంది, నేను ఏడుస్తున్నది వినబడకూడదని చూశాను కానీ వినబడే ఉంటుంది.

"ఇంకేమైనా రాసిందా?" అన్నాడు పిడికిలి తియ్యకుండానే.

"మళ్లీ తియ్యాలి అని రాసింది."

"తీసిందా?"

"లేదు బాబాయ్. వెతికాను."

"మంచి పని చేసింది" అన్నాడు సత్యలింగం బాబాయి. "తీసుంటే, నన్ను పక్కకి లాగేసేది."